రంగనాయకి పిన్ని మూడు వందల కిలోమీటర్ల టికెట్టు

రంగనాయకి పిన్ని కారు నడిపినకొద్దీ పెట్రోలు పెరుగుతుందని మా కార్వాన్ గల్లీలో ఓ వారం పాటు అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. నేను కలెక్టరాఫీసులో జూనియర్ అసిస్టెంటుని, డిగ్రీలో లెక్కలు చదివిన దాన్ని, అయినా నమ్మాను. కళ్లారా చూశాక నమ్మక ఏం చేస్తాం?

ఆ రోజు ధూల్‌పేట్ నుంచి వినాయకుళ్లను ఎక్కించుకున్న ట్రాలీలు వరసగా వస్తున్నాయి. వాటి వెనక ఇరుక్కుని, అఫ్జల్‌గంజ్ నుంచి ఇంటికి రావడానికి మాకు గంటంబావు పట్టింది. బయల్దేరినప్పుడు స్టీరింగు వెనకున్న తెర మీద ఇంకా 296 కిలోమీటర్లు పోవచ్చని చూపించింది. ఇంటి ముందు ఆపేసరికి 301 చూపించింది. పిన్ని కారు దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని, గల్లీ మొత్తానికి వినబడేలా చెప్పింది.

"చూసిన్రా? మూడు కిలోమీటర్లు నడిపిన, ఐదు కిలోమీటర్లు ఎక్కువైంది. గిట్లాంటి బండి నేను పుట్టినకాడి నుంచి చూడలే."

రంగనాయకి పిన్ని మా ఇంటి ఓనరు. మేము తెనాలి నుంచి వచ్చి పదకొండేళ్లుగా ఆవిడ మేడ మీది వాటాలో అద్దెకుంటున్నాం, నేనూ, మా అమ్మ కామేశ్వరమ్మా. పిన్ని పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది అంతా కార్వాన్‌లోనే. భర్త గోవింద్ గారు గల్లీ చివరి చిన్న గుడిలో అర్చకులు. అర్చకుల ఇంటి కోడలు ముప్పై రెండేళ్ల వయసులో ఖాకీ చొక్కా తొడుక్కుని సిటీ బస్సు కండక్టరుగా చేరితే గల్లీలో ఎంత లొల్లి అయిందో ఆవిడ ఇప్పటికీ మహా సంబరంగా చెబుతుంది. ఇరవై ఎనిమిదేళ్లు అఫ్జల్‌గంజ్ బస్సుల్లో టికెట్లు కొట్టింది. అందులో పద్నాలుగేళ్లు ఒకే డ్రైవరు, బాలనర్సింహ గారు. ఆయన ముందు, ఈవిడ వెనక. ఈవిడ "రైట్, రైట్" అంటే తప్ప ఆ బస్సు కదిలేది కాదు. ఇద్దరిదీ సుమారు ఒకే వయసు. ఆయన ఆవిడను అక్కా అంటాడు, ఆవిడ ఆయన్ని అన్నా అంటుంది. ఎదుటివాళ్లే పెద్దవాళ్లని తేల్చేయడంలో ఇద్దరూ ఇద్దరే.

రిటైరైన నెలకే పిన్ని డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అరవయ్యేళ్ల వయసులో ఇదేం సరదా అని మా అమ్మ అడిగితే ఆవిడ చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుంది.

"ఇరవై ఎనిమిదేండ్లు ఒకని వీపు చూసుకుంట తిరిగిన వదినా. ఇగ నా ముందర అద్దం తప్ప ఏం ఉండొద్దు."

సెకండ్ హ్యాండ్‌లో ఓ తెల్ల హైబ్రిడ్ కారు కొంది. దాంట్లో పెట్రోలు ఇంజనూ ఉంది, కరెంటు మోటారూ ఉంది. బ్రేకు తొక్కినప్పుడల్లా బ్యాటరీ కాస్త నిండుతుంది. మెల్లగా పోతున్నప్పుడు ఇంజను నిద్రపోతుంది, బ్యాటరీయే లాగుతుంది. మా ఏరియాలో పది గజాలకో బ్రేకు. ఆటో, మేక, తోపుడుబండి, పెళ్లి బ్యాండు, ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంటుంది. అలాంటి చోట ఆ కారు దాదాపు గాలి పీల్చుకుని బతికేస్తుంది. చప్పుడు కూడా ఉండదు. స్టార్టయిందో లేదో తెలియక పిన్ని మొదట్లో తికమకపడేది. ఆ తర్వాత ఓ అలవాటు చేసుకుంది. బటన్ నొక్కి, అద్దంలో వెనక్కి చూసి, తనకు తానే మెల్లగా "రైట్, రైట్" అనుకునేది. అప్పుడు గానీ కాలు బ్రేకు మీంచి లేచేది కాదు.

ఇంత ముచ్చటకీ దిష్టి తగిలింది. పురానాపూల్ దగ్గర ఓ ఆటో వచ్చి పక్క తలుపు గీకేసి పోయింది. తప్పు ఆటోవాడిదే, నేను సాక్షిని. కానీ పిన్ని కొడుకు శ్రీనివాస్ ఒప్పుకోలేదు. అతను కొండాపూర్‌లో కంప్యూటర్ ఉద్యోగి, మంచివాడే, కాకపోతే తల్లి విషయంలో వట్టి పిరికివాడు. శనివారం వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, బండికి డ్రైవర్‌ని పెడతానన్నాడు. ఎవర్నో కాదు, బాలనర్సింహ గారినే. మాట్లాడేసి, వెంటబెట్టుకుని వచ్చాడు కూడా. రిటైరయ్యాక మూడేళ్లుగా అఫ్జల్‌గంజ్‌లో హోటల్ ముందు కూర్చుని పోయే బస్సులు చూస్తున్న పెద్దాయన, స్టీరింగు అనగానే ఎగిరి గంతేశాడట.

పిన్నికి ఒళ్లు మండింది. శ్రీశైలం దాకా తానే నడుపుకుంటూ పోయి వస్తానని, అప్పుడు చూడమని సవాలు చేసింది. శ్రీనివాస్ సరేనన్నాడు, షరతు పెట్టి.

"రేపు పోయి రా అమ్మా. నర్సింహన్న గూడ వస్తడు, పక్క సీట్ల కూసొని చూస్తడు. బండి యాడ గూడ ఆగిపోవద్దు, నువ్వు సీటు దిగి ఇంకొకరికి స్టీరింగ్ ఇయ్యొద్దు. గట్ల వచ్చినవంటే నేను మళ్ల నోరు తెరువ. లేకుంటే తాళం ఆయనకిస్త, నువ్వు ఎనక సీట్ల కూసొని తిరుగు."

వెనక సీటు అనగానే పిన్ని ముఖం ఎర్రబడింది. ఆ మాట ఆవిడకు ఎంత తగిలిందో అక్కడున్న వాళ్లలో నాకు తెలుసు, బాలనర్సింహ గారికి తెలుసు. కొడుక్కి మాత్రం తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. ముందు పిన్ని, పక్కన బాలనర్సింహ గారు, వెనక నేనూ, పులిహోర డబ్బాతో మా అమ్మా. గోవింద్ గారు నైవేద్యం వదిలి రాలేరు కాబట్టి గుడి మెట్ల మీదే నిలబడి చెయ్యి ఊపారు. తెర మీద సరిగ్గా 300 ఉంది. శ్రీశైలం రెండు వందల పదిహేను.

"అక్కా, పెట్రోల్ పోయించుకుందాం," అన్నారు బాలనర్సింహ గారు, మొదటి బంకు కనబడగానే.

"మూడు నూర్లు ఉన్నది గదన్నా. రెండు నూర్ల పదిహేను స్టేజీకి పోయేటోడు మూడు నూర్ల స్టేజీకి టికెట్ కొట్టించుకుండు. వాన్ని మళ్ల టికెట్ అడుగుతరా?"

ఇక్కడే ఉంది పిన్ని చేసిన పొరపాటు, అది కండక్టరు తప్ప ఇంకొకరు చేయలేని పొరపాటు. ఆవిడ దృష్టిలో అంకె అంటే మాట. మిషను నుంచి వచ్చిన అంకె మీద ఇరవై ఎనిమిదేళ్లు లక్షల మందిని ఎక్కించింది, దించింది. చార్మినార్‌కు టికెట్ కొట్టాక మనిషిని అంతకు ముందొచ్చే మదీనా స్టాపులో దించేయడం ఆవిడ చట్టంలో లేదు.

చాంద్రాయణగుట్ట దాటేదాకా అంకె నిజాయితీగానే ఉంది. తుక్కుగూడ దాటాక రోడ్డు ఖాళీగా పరుచుకుంది. జీవితమంతా సెకండ్ గేరులో తిరిగిన మనిషికి అంత ఖాళీ రోడ్డు దొరికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. ముల్లు తొంభై దాటింది, నూరు దాటింది. ఏసీ ఝుమ్మంటోంది. పిన్ని ముఖం వెలిగిపోతోంది. మా అమ్మ శివుడి పేర్లన్నీ అయిపోయి విష్ణువు పేర్లలోకి వచ్చింది. నాకైతే భయమూ సంతోషమూ కలిసి నవ్వు ఆగడం లేదు.

కడ్తాల్ దాటాక నేను ముందుకు వంగి తెర చూశాను. యాభై కిలోమీటర్లు వచ్చాం. 250 ఉండాలి. 219 ఉంది.

"పిన్నీ, ఇది తక్కువ చూపిస్తోందేమిటి?"

"కొంచెం అటిటు ఉంటది. ముందర పెరుగుతది చూడు."

పెరగలేదు. ఎనభై కిలోమీటర్లకు 148 అయింది. బాలనర్సింహ గారు మరో బంకు చూపించారు. స్టేజీ కాని చోట బస్సు ఆగదు, అంది పిన్ని. నూట పది కిలోమీటర్లకు 97. ఆయన ఇంకో బంకు చూపించారు, ఈసారి ఏమీ అనకుండా వేలితో. పిన్ని చూడనట్టే పోనిచ్చింది. ఆ మొండితనం చూసి నాకు వెనక సీట్లోంచి రెండు మాటలు గట్టిగా అనాలనిపించింది, ఇంటి ఓనరు కాబట్టి ఊరుకున్నాను.

మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవిలోకి పది కిలోమీటర్లు వచ్చాక అంకె 58. మళ్లీ పెట్రోలు దొరికే చోటుకి డెబ్భై కిలోమీటర్లుందని, డ్యామ్ దాటి కొండెక్కితే తప్ప బంకు లేదని బాలనర్సింహ గారు చాలా మర్యాదగా చెప్పారు. అద్దంలో పిన్ని కళ్లు కనబడుతున్నాయి. ఆవిడకు భయమేసింది. పెట్రోలు గురించి కాదు, వెనక సీటు గురించి.

"వెనక్కి తిప్పుదాం పిన్నీ, పది కిలోమీటర్లే కదా," అన్నాను.

"ట్రిప్పు కట్ చేసుడా? నా సర్వీసుల ఒక్కసారి గూడ చెయ్యలే."

"పోనీ ఆ పుస్తకంలో ఏం రాశాడో చూడవే," అంది మా అమ్మ.

కారుతో పాటు ఇచ్చిన పుస్తకం ముందు అరలో కవరు కూడా విప్పకుండా ఉంది. బాలనర్సింహ గారు తీసి ఇచ్చారు. నేను ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. పోగలిగిన దూరం అన్నది అంచనా మాత్రమే. ఈ మధ్య మీరు ఎలా నడిపారో, ఎంత పెట్రోలు తాగించారో, దాన్ని బట్టి మిగిలిన పెట్రోలుకి లెక్క వేస్తుంది. వేగం, ఏసీ, బరువు, ఎత్తుపల్లాలు మారితే అదీ మారుతుంది.

పిన్ని కారు వేగం కాస్త తగ్గించింది. ఆలోచిస్తోందని తెలిసింది.

"మళ్ల ఒకపారి చదువు బిందూ."

చదివాను.

"అంటే గిది నా ముందర సంగతి చెప్తలేదు. నా ఎనక సంగతి చెప్తుంది."

"అంతే పిన్నీ."

"గల్లీల తిరిగిన తిరుగుడు చూసి మూడు నూర్లు అన్నది. ఇయ్యాల ఉరికిన ఉరుకుడు చూసి యాభై ఎనిమిది అంటున్నది. దీనికి రోడ్డు తెల్వదు, నేనే తెలుసు."

"గంతే అక్కా," అన్నారు బాలనర్సింహ గారు.

"అయితే మళ్ల గల్లీల నడిపినట్టే నడుపుత. ఎట్ల తగ్గుతదో నేను చూస్త."

అక్కడి నుంచి మొదలైన ప్రయాణం లాంటిది నేను మళ్లీ చేయను, చేయకుండా ఉండలేను కూడా. నల్లమల అడవి మధ్య, ఖాళీ రోడ్డు మీద, పిన్ని అఫ్జల్‌గంజ్ చౌరస్తాలో నడిపినట్టు నడిపింది. ముప్పై, ముప్పై రెండు. అడవిలో అంతకంటే వేగంగా పోవద్దని బోర్డులు కూడా ఉన్నాయి, ఆ బోర్డుల మాట విన్న కారు బహుశా ఆ రోజుకు మాదే. ఏసీ కట్టేసింది, అద్దాలు దించింది. కాలు పెట్టిందా లేదా అన్నట్టు తొక్కుతోంది. ఇంజను నిద్రపోయింది. కారు చప్పుడు లేకుండా జారుతుంటే నెమళ్ల అరుపులు వినబడ్డాయి. వెనక వచ్చిన బళ్లన్నీ హారన్లు కొట్టి దాటిపోతుంటే పిన్ని చెయ్యి బయటపెట్టి అందరికీ దారిచ్చింది.

రాళ్ల మీద కిలోమీటర్లు బాలనర్సింహ గారు చదువుతున్నారు, తెర మీద అంకె నేను చదువుతున్నాను. పది కిలోమీటర్లు పోయాం, ఆరు తగ్గింది. ఇరవై పోయాం, పన్నెండు తగ్గింది. నాలుగు కిలోమీటర్ల పాటు అంకె 44 దగ్గరే గుంజకు కట్టేసినట్టు నిలబడిపోయింది. ఆ నాలుగు కిలోమీటర్లూ మేము అరవలేదంతే, అమ్మా నేనూ ఒకరి చేతులొకరం పట్టుకుని కూర్చున్నాం. నలభై ఐదు అయితే కొబ్బరికాయ కొడతానని మా అమ్మ మొక్కుకుంది. అయింది. ఒక్క నిమిషం నిలిచి మళ్లీ 44 అయింది. కొబ్బరికాయ బాకీ మాత్రం ఖాయమైంది.

ఆ నెమ్మది ఒక చోట మా కొంప ముంచింది. రోడ్డు పక్క గోడ మీద కూర్చున్న కోతి తాపీగా లేచి, కారుతో పాటు నాలుగడుగులు నడిచి, కిటికీలోంచి చెయ్యి పెట్టి పులిహోర డబ్బా ఎత్తుకుపోయింది. మా అమ్మ లబోదిబోమంది.

"పోనియ్ వదినా," అంది పిన్ని, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా. "రెండు కిలోల బరువు తగ్గింది."

ఘాట్ దిగే చోటికి 19తో చేరాం. ఇంకా పదిహేను కిలోమీటర్లు. అక్కడి నుంచి డ్యామ్ దాకా వంకర్లు తిరుగుతూ రోడ్డు కిందికి పడిపోతుంది. పిన్ని ప్రతి వంకరలోనూ మెత్తగా బ్రేకు అదిమిపెట్టి దింపింది. బ్యాటరీ గీతలు ఒక్కొక్కటే నిండాయి. 20 అయింది. 22 అయింది. కింద కృష్ణ మీద వంతెన దగ్గరికొచ్చేసరికి 26.

"చూసిన్రా? నేను చెప్పలే, నడిపినకొద్దీ పెరుగుతదని," అంది పిన్ని. అప్పుడు నలుగురం ఎందుకు నవ్వామో తెలియదు గానీ కడుపు పట్టుకుని నవ్వాం. బాలనర్సింహ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ఆ క్షణంలో పిన్ని మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. మూడు బంకులు వదిలేసినందుకు వచ్చిన కోపమంతా పోయింది.

వంతెన దాటాక అసలు సంగతి మొదలైంది. దిగినంతా మళ్లీ ఎక్కాలి. దిగేటప్పుడు నిండిన బ్యాటరీ రెండు మలుపుల్లో ఖాళీ అయిపోయింది, ఇంజను లేచి గట్టిగా మూలగడం మొదలుపెట్టింది. 26 పోయి 17. 17 పోయి 8. ఇంకా నాలుగు కిలోమీటర్లుండగా సున్నా.

పిన్ని తన నుదుటి మీది స్టిక్కరు బొట్టు తీసి ఆ సున్నా మీద అంటించింది.

"జీరో చూసి భయపడుడేంది? నా సర్వీసు ఆఖరు సంవత్సరం ఆడోళ్లందరికీ పైసలు తీసుకోకుంట జీరో టికెట్లే కొట్టిన. ఒక్కరిని దిగుమన్ననా?"

సున్నా తర్వాత కూడా ట్యాంకులో కాస్త ఉంటుందని, అయితే దాన్ని నమ్ముకోవద్దని పుస్తకంలో ఉంది. మొదటి సగం పైకి చదివాను. రెండో సగం చదవలేదు.

మాట ధీమాగా ఉంది గానీ ఆవిడ కళ్లు మాటిమాటికీ ఆ బొట్టు మీదికే పోతున్నాయి. ఇంకో మలుపు తిరగ్గానే ఎదురుగా ఓ బస్సు, దానికి అడ్డంగా ఓ లారీ. రెండూ ఒకదానికొకటి దారివ్వలేక నిలబడ్డాయి. నిటారు ఎత్తు మీద మేమూ ఆగాం. ఇంజను ఆగిపోయింది. హైబ్రిడ్ కారు ఆగినప్పుడల్లా అలాగే ఆగుతుందని మాకు తెలుసు. కానీ ఇప్పుడు అది ఊరికే ఆగిందో, ఇక లేవదో ఎవరికి తెలుసు? అయిదు నిమిషాలకు లారీ పక్కకు జరిగింది, బస్సు వెళ్లిపోయింది, ముందు రోడ్డు ఖాళీ అయింది. పిన్ని కదల్లేదు. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుంది.

"అన్నా, నాతోని అయితలేదు," అంది, చాలా చిన్న గొంతుతో. "ఎత్తు మీద బండి ఎనకకు జారితే ఆడోళ్లున్నరు ఎనక. నువ్వు పట్టు. తాళం నీదే అనుకో."

ఆవిడ సీటు బెల్టు మీదికి చెయ్యి పోనిచ్చింది. అదే సమయానికి బాలనర్సింహ గారి ఫోన్ మోగింది. అడవిలో అంతసేపూ లేని సిగ్నల్ అప్పుడే వచ్చింది. శ్రీనివాస్. ఆయన స్పీకర్ నొక్కారు.

"నర్సింహన్నా, యాడున్నరు? ఎంత సేపటి నుంచి చేస్తున్న. బండి ఎవరు నడుపుతున్రు? అమ్మకియ్యి ఫోన్."

బాలనర్సింహ గారు ఫోన్ వైపు చూశారు, స్టీరింగు వైపు చూశారు. మూడేళ్లుగా హోటల్ ముందు కూర్చుని ఆయన కలగన్నది ఆ చక్రమే. చెయ్యి చాపితే చాలు. పిన్నే ఇస్తోంది కూడా.

"డ్రైవర్‌తోని మాట్లాడొద్దని ప్రతి బస్సుల రాసి ఉంటది బాపూ, నువ్వు సదువలేదా?" అన్నారు ఆయన. "ఏమన్నుంటే కండక్టర్‌తోని మాట్లాడు. నేనే కండక్టర్‌ను."

ఫోన్ పెట్టేశారు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, వెనక్కి తిరిగి రోడ్డు చూసి, అరచేత్తో తలుపు మీద రెండు దెబ్బలు వేశారు.

"రైట్, రైట్."

ఇరవై ఎనిమిదేళ్లు పిన్ని ఆ మాట ఇంకొకరికి చెప్పింది. ఏడాదిగా తనకు తానే చెప్పుకుంటోంది. ఇంకొకరి నోట తన కోసం వినడం అదే మొదటిసారి. ఆవిడ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. తుడుచుకోలేదు, బెల్టు మీంచి చెయ్యి తీసి స్టీరింగు మీద పెట్టి, కాలు బ్రేకు మీంచి లేపింది. ఇంజను లేచింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా మలుపు ఎక్కింది.

బంకు దగ్గర ఫుల్ ట్యాంకు పోయించాం. కొత్త అంకె ఎంతో ఎవరూ చూడలేదు, బొట్టు ఇంకా దాని మీదే ఉంది. మా అమ్మ కొబ్బరికాయ కోసం దుకాణం వెతుక్కుంటూ పోయింది. శ్రీనివాస్ మళ్లీ ఫోన్ చేశాడు, బాలనర్సింహ గారు దూరంగా వెళ్లి మాట్లాడి వచ్చి, తన సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు.

"ఏమంటుండన్నా?" అని అడిగింది పిన్ని.

"తాళం ఎవరికియ్యాలె అని అడుగుతుండు."

"నువ్వేమన్నవ్?"

"తాళం డ్రైవర్ దగ్గరనే ఉంటది గద అక్కా," అన్నారు బాలనర్సింహ గారు, సీటు బెల్టు పెట్టుకుంటూ. "గదే చెప్పిన."